మెడ పొజిషన్ సెన్స్: ఐఎంయూ సెన్సర్ లెక్క, లేజర్ లెక్క ఎందుకు కలవడం లేదు?

#1 మెడపట్టీ

ఒకే పేషెంట్‌కి ఒకే పూట జాయింట్ పొజిషన్ ఎర్రర్ (కళ్లు మూసి తల తిప్పి మళ్లీ మొదటి చోటికి తెస్తే ఎంత తప్పుతారో ఆ కోణం) రెండు రకాలుగా తీస్తే రెండు వేర్వేరు జవాబులు వస్తున్నాయి. వివరాలు ఇస్తున్నాను, తేడా ఎక్కడొస్తోందో చూడండి.

లేజర్: హెడ్‌బ్యాండ్ మీద లేజర్, గోడకి వలయాల టార్గెట్, దూరం 90 సెం.మీ., కళ్లకి గంతలు. తల కుడికి తిప్పి మళ్లీ మధ్యకి. ఆరుసార్ల సగటు 8 సెం.మీ., అంటే సుమారు 5.1 డిగ్రీలు.

సెన్సర్: నుదుటి మీద ఒక్కటే ఐఎంయూ (తల ఎటు, ఎంత తిరిగిందో చెప్పే చిన్న సెన్సర్), 100 హెర్ట్జ్, 9-యాక్సిస్ మోడ్ (మాగ్నెటోమీటర్ కూడా కలిపి), అదే కుర్చీ, అదే కదలిక. మొదట ఒకసారి జీరో నొక్కి వరసగా ఆరుసార్లు చేయిస్తే 1.8, 2.6, 3.1, 3.9, 4.3, 4.9 వచ్చాయి. అన్నీ కుడివైపే. సగటు 3.4.

లోపం ఉందనడానికి వాడే హద్దు 4.5 డిగ్రీలు. లేజర్‌లో అది దాటింది కాబట్టి లోపం ఉన్నట్టు. సెన్సర్‌లో దాటలేదు కాబట్టి లేనట్టు. కేస్ షీట్‌లో ఏది రాయాలి? లేక సెన్సరే మార్చాలా?

#2 గైరోగోల

సగటు సంగతి తర్వాత. ముందు ఆ ఆరు అంకెల్ని వచ్చిన వరసలోనే చూడండి. ప్రతిసారీ పెరుగుతున్నాయి, ఒక్కసారీ తగ్గలేదు. మనిషి మెడ చేసే తప్పు ఇంత క్రమశిక్షణతో ఉండదు.

మొదటి అనుమానం డ్రిఫ్ట్, అంటే తల కదలకున్నా సెన్సర్ అంకె మెల్లగా జారిపోవడం. 1.8 నుంచి 4.9కి 3.1 డిగ్రీలు పెరిగింది. ఒక్కో ట్రయల్‌కి విశ్రాంతితో కలిపి 25 సెకన్లు అనుకుంటే ఐదు విరామాలకి 125 సెకన్లు. అంటే సెకనుకి 0.025 డిగ్రీ. గైరోలో (సెన్సర్‌లో తిరిగే వేగాన్ని కొలిచే భాగం) సరిచేయకుండా మిగిలిపోయిన బయాస్ (కదలకున్నా చూపించే తప్పు వేగం) అంత ఉండటం మామూలే. తల వంచడం, పక్కకి వాల్చడం కొలిచేటప్పుడు భూమ్యాకర్షణ దిక్కు ఆధారంగా ఉంటుంది కాబట్టి ఆ రెండు కోణాలూ జారిపోవు. కుడిఎడమలు తిప్పే కోణానికి ఆ ఆధారం లేదు, గైరో ఏం చెబితే అదే.

దానికోసమే కదా మాగ్నెటోమీటర్ (సెన్సర్‌లోని దిక్సూచి) అంటారు. గదిలో ఇనుప మంచం, స్టీలు కుర్చీ, మానిటర్ ఉంటే అయస్కాంత క్షేత్రం వంగిపోయి ఉంటుంది. తల తిప్పినప్పుడు సెన్సర్ కూడా ఆ వంకరలోంచి కదులుతుంది. ఫిల్టర్ మాత్రం ఉత్తరం అదే అని నమ్మి కోణాన్ని మెల్లగా అటు లాగుతుంది. నిమిషంలోపు కొలతకి మాగ్నెటోమీటర్ కలపని 6-యాక్సిస్ మోడే మేలు.

సెన్సర్ ఆన్ చేసి 10 నిమిషాలు వదిలేయండి, చిప్ వేడెక్కేకొద్దీ బయాస్ మారుతుంటుంది. తర్వాత బల్ల మీద కదలకుండా 5 నిమిషాలు రికార్డ్ చేసి యా కోణం (కుడిఎడమలు తిప్పే కోణం) ఎంత జరిగిందో చెప్పండి.

#3 మెడపట్టీ

6-యాక్సిస్‌లో పెట్టి చూశాను. 5 నిమిషాల్లో 1.1 డిగ్రీ.

#4 లేజర్ పాతకాపు

అయితే 125 సెకన్లకి అర డిగ్రీ కూడా లేదు. 9-యాక్సిస్ వంకర కొంత ఉండొచ్చు గానీ మిగతాదంతా దానిమీదకే తోసేయలేం.

ఒక ప్రశ్న. లేజర్‌తో చేసినప్పుడు ప్రతి ట్రయల్ అయ్యాక తలని మళ్లీ టార్గెట్ మధ్యకి తెచ్చారా? తెచ్చే ఉంటారు, చుక్క కళ్లముందు కనిపిస్తుంటే చెయ్యి ఊరుకోదు. సెన్సర్‌తో చేసినప్పుడు తెచ్చారా?

తేకపోతే పేషెంట్ రెండో ట్రయల్ మొదలుపెట్టింది మొదటిది ఆగిన చోటి నుంచి. సాఫ్ట్‌వేర్ మాత్రం మొదటి జీరో నుంచే కొలుస్తోంది. ఆ అంకెలు ఒక్కో తప్పువి కావు, తప్పుల కుప్ప. ఏ ట్రయల్‌కి ఆ ట్రయల్ మొదలు నుంచి లెక్కేస్తే 1.8, 0.8, 0.5, 0.8, 0.4, 0.6 వస్తాయి. సగటు 0.8 మాత్రమే. అదీ నమ్మదగ్గది కాదు. ఎందుకంటే “మొదట ఉన్న చోటికి రండి” అంటే పేషెంట్ ఏ మొదటిని తలుచుకున్నారో మనకి తెలియదు. ఆ ఆరు అంకెల్ని ఎలా తిప్పినా పనికిరావు, పక్కన పెట్టేయండి.

ఇక 4.5 సంగతి. 1991లో రెవెల్ బృందం వాడిన పద్ధతిలో 90 సెం.మీ. దూరం, 10 సార్లు, ప్రతిసారీ కొత్తగా మధ్య నుంచి మొదలు. 90 సెం.మీ. దగ్గర 1 డిగ్రీ అంటే 1.57 సెం.మీ., 4.5 డిగ్రీలంటే 7.1 సెం.మీ. వలయాల టార్గెట్ మీద మనం కొలిచేది మధ్య బిందువు నుంచి చుక్కకి ఏటవాలు దూరం. పక్కకి పోయిందీ, పైకి పోయిందీ రెండూ అందులో కలిసి ఉంటాయి. మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చేది పక్కకి పోయింది మాత్రమే.

ఒక ట్రయల్‌లో పక్కకి 3.6, పైకి 2.8 అనుకోండి. ఒక్క యా చూస్తే 3.6, “పర్వాలేదు” అంటారు. రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే 4.56, “దాటింది” అంటారు. మెడ ఒక్కటే, తప్పూ ఒక్కటే. ఏ ముక్క రిపోర్ట్ చేశారన్నదే తేడా. లేజర్ నాటి 4.5ని సెన్సర్‌కి తగిలించాలంటే ముందు ప్రతి ట్రయల్‌కీ ఈ ఏటవాలు కోణం తీయాలి, ఆ తర్వాతే సగటు. సగటు యా, సగటు పిచ్ (పైకీ కిందికీ వంచే కోణం) తీసుకుని చివర్లో కలపకూడదు. ప్లస్‌లూ మైనస్‌లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అంకె చిన్నదైపోతుంది.

#5 గైరోగోల

ఒప్పుకుంటున్నాను, రీ-జీరో సంగతి నేనే ముందు అడగాల్సింది.

లేజర్ వైపు కూడా ఒక లొసుగు ఉంది, అదీ చెప్పాలి. తల ఏమాత్రం తిరగకుండా మనిషి మొత్తం 1 సెం.మీ. పక్కకి జరిగినా చుక్క 1 సెం.మీ. జరుగుతుంది. అది 0.6 డిగ్రీ తప్పుగా లెక్కలోకి వచ్చేస్తుంది. నడుము కాస్త వాలినా అంతే. ఐఎంయూకి పక్కకి జరగడం కనపడదు, తిరగడం మాత్రమే కనపడుతుంది. కాబట్టి 5.1లో ఎంతో కొంత మెడది కాకపోవచ్చు.

#6 క్వాటర్నియన్

అందుకే రెండో సెన్సర్ కావాలి. తల ఒక్కదాని కోణం కొలిస్తే అది గదితో పోల్చిన తల కోణం. మనకి కావాల్సింది మొండెంతో పోల్చిన తల కోణం. తల తిప్పేటప్పుడు భుజాలు 2, 3 డిగ్రీలు వెంట రావడం, తిరిగొచ్చేటప్పుడు అంతే వెనక్కి రాకపోవడం చాలా మామూలు.

ఎక్కడ పెట్టాలి: రొమ్ము ఎముక పైభాగం. వీపు మీద సీ7 (మెడలో అన్నిటికన్నా కింది వెన్నుపూస) దగ్గర పెడితే తల వంచినప్పుడు చర్మం సాగి సెన్సర్ దానంతట అదే వాలిపోతుంది. రొమ్ము మీద ఊపిరి కదలిక కొద్దిగా కనిపిస్తుంది, అది వచ్చిపోయేదే కాబట్టి సగటులో కలిసిపోతుంది.

లెక్క: క్వాటర్నియన్ అంటే సెన్సర్ ఎటు తిరిగి ఉందో నాలుగు అంకెల్లో చెప్పేది. ఛాతీ క్వాటర్నియన్ విలోమాన్ని ఎడమవైపు ఉంచి తల క్వాటర్నియన్‌తో గుణిస్తే సాపేక్ష కోణం వస్తుంది. ట్రయల్ మొదట్లో వచ్చిన సాపేక్ష క్వాటర్నియన్ విలోమంతో దాన్ని మళ్లీ గుణిస్తే, మొదటి స్థానం నుంచి ఎంత తేడా అన్నది వస్తుంది. రెండు సెన్సర్ల ఆయిలర్ కోణాల్ని (యా, పిచ్, పక్కవాలు) విడివిడిగా తీసి తీసివేత చేయకండి. చిన్న కోణాలకి సరిపోయినట్టే ఉంటుంది, 60 డిగ్రీలు తిప్పిన చోట అబద్ధం చెబుతుంది.

అందరూ బోల్తాపడే చోటు ఇంకోటి ఉంది. 6-యాక్సిస్‌లో ఒక్కో సెన్సర్‌కి తన సొంత “ముందువైపు” ఉంటుంది. రెండిటికీ ఒకే దిక్కు అని ఎవరూ చెప్పలేదు. పేషెంట్ నిటారుగా ముందుకి చూస్తుండగా రెండిటికీ ఒకేసారి హెడింగ్ రీసెట్ (ఇదే ముందువైపు అని చెప్పడం) కొట్టాలి. ఇది మరిచిపోతే తల వంచితే పక్కకి వాలినట్టు చూపిస్తుంది, సెన్సర్ పాడైందనుకుంటారు.

#7 లేజర్ పాతకాపు

రెండు సెన్సర్లంటే రెండు డ్రిఫ్టులు, రెండు బ్యాటరీలు, రెండు బ్లూటూత్‌లు. మొండేన్ని కుర్చీకి బెల్ట్‌తో కట్టేస్తే పోదా?

#8 క్వాటర్నియన్

బెల్ట్ కడితే భుజం ఎక్కడ ఒత్తుకుంటోందో చర్మం చెబుతుంది. ఆ ఒత్తిడిని గుర్తుపెట్టుకుని పేషెంట్ మధ్యకి వస్తారు. మెడ పరీక్ష కాస్తా స్పర్శ పరీక్ష అవుతుంది. వీపుకి ఆనుకునే కుర్చీతో కూడా ఇదే బాధ, తక్కువ మోతాదులో.

డ్రిఫ్ట్ భయం న్యాయమే. మధ్యేమార్గం: ఛాతీ సెన్సర్‌ని లెక్కలో కలపకుండా కాపలాకి మాత్రమే వాడండి. ట్రయల్ మొదలుకీ చివరకీ మధ్య మొండెం 2 డిగ్రీలకి మించి తిరిగితే ఆ ట్రయల్ రద్దు, ఇంకోటి చేయించాలి. అప్పుడు రిపోర్ట్ అయ్యే అంకెలో ఒక్క సెన్సర్ డ్రిఫ్టే ఉంటుంది. 15 సెకన్ల ట్రయల్‌లో అది లెక్కలోకి రాదు.

#9 మెడపట్టీ

బ్యాండ్ ఎంత నిటారుగా ఉండాలి? నుదురు అందరికీ ఒకేలా ఉండదు కదా.

#10 గైరోగోల

కళ్లు తెరిపించి ఐదుసార్లు “అవును” అన్నట్టు తల ఊపించండి. పిచ్ 20 డిగ్రీలు కదిలినప్పుడు పక్కవాలు చానెల్‌లో 5 డిగ్రీలు కనిపిస్తే బ్యాండ్ 14 డిగ్రీలు పక్కకి తిరిగి ఉన్నట్టు. ఆ 5 డిగ్రీలు 1 డిగ్రీకి దిగేదాకా బ్యాండ్‌ని జరపండి. నుదురు వాలుగా ఉండటం వల్ల వచ్చే ముందువెనకల వంపు మాత్రం జరిపితే పోదు, దాన్ని జీరో చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ చూసుకోవాలి.

బ్యాండ్ జారిందా లేదా అన్నది ఇంకా ముఖ్యం. సెషన్ మొదట్లో గోడమీద చుక్కని కళ్లు తెరిచి చూస్తూ కుదురుకోమని సెన్సర్ అంకె రాసుకోండి. చివర్లో మళ్లీ అదే చుక్క. పిచ్‌లో రెండిటికీ 1 డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే బ్యాండ్ జారిందేమో చూడండి. పిచ్ డ్రిఫ్ట్ అవ్వదు కాబట్టి నెపం దానిమీద వేయడానికి లేదు. జిడ్డు నుదుటి మీద, పట్టులాంటి జుట్టు మీద జారుతుంది. లోపలివైపు సిలికాన్ గీత ఉన్న బ్యాండ్ నయం.

లేజర్‌ని పారేయమని అనడంలేదని గమనించగలరు. రెండూ ఒకే బ్యాండ్ మీద ఉంటే ఒకదాని అబద్ధం ఇంకోటి పట్టిస్తుంది.

#11 నిశ్చలం

చర్చంతా జీరో దగ్గరే ఆగింది. చివర సంగతి ఎవరూ అడగలేదు. పేషెంట్ “వచ్చేశాను” అన్న క్షణం ఏది?

గ్రాఫ్ దగ్గరగా చూస్తే సాధారణంగా ఇలా ఉంటుంది: తల వేగంగా మధ్యవైపు వస్తుంది, చివరి 5 డిగ్రీల్లో నెమ్మదిస్తుంది, ఆగుతుంది. సుమారు అర సెకను తర్వాత 1 డిగ్రీ ఇటో అటో సవరించుకుంటుంది, మళ్లీ ఆగుతుంది. “ఇక్కడే” అన్న మాట మొదటి ఆగుడు దగ్గరా రావొచ్చు, రెండో దాని దగ్గరా రావొచ్చు. కొందరు చెప్పేశాక కూడా జరుపుతారు. నోరు తెరిచి చెప్పడం వల్లే తల కాస్త కదిలేవాళ్లూ ఉన్నారు.

నియమం ఒకటి పెట్టుకుని దానికి కట్టుబడాలి. నేను సూచించేది: పేషెంట్ చేతిలో క్లిక్ బటన్, నోటిమాట వద్దు. చెయ్యి ఒళ్లోనే ఉండాలి, ఎత్తి నొక్కితే భుజం కదులుతుంది. క్లిక్ తర్వాత కోణీయ వేగం సెకనుకి 2 డిగ్రీలకన్నా తక్కువగా అర సెకను నిలిస్తే ఆ అర సెకను సగటే తుది స్థానం. 100 హెర్ట్జ్ దగ్గర అది 50 శాంపిళ్లు. క్లిక్ అయిన 2 సెకన్లలోపు అలాంటి నిలకడ దొరకకపోతే ట్రయల్ రద్దు. మొదటి స్థానానికీ ఇదే నియమం. వేగం లెక్కించే ముందు 6 హెర్ట్జ్ లో-పాస్ ఫిల్టర్ (గ్రాఫ్‌లోని సన్నని వణుకుని తీసేసేది) చాలు. ఫిల్టర్‌ని ముందుకీ వెనక్కీ రెండుసార్లు నడపండి, లేకపోతే ఆలస్యం చేరుతుంది.

పరీక్షించేవాళ్లు “ఇక్కడే” విని మౌస్ నొక్కే పద్ధతిలో నొక్కేవాళ్ల చురుకుదనం కూడా రీడింగ్‌లో కలుస్తుంది.

#12 లోచెవి

కాస్త వెనక్కి వెళ్లి అడుగుతున్నాను, ఇక్కడ కొలుస్తున్నది మెడేనా? కుర్చీలో కూర్చుని తల తిప్పితే లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు కూడా ఎంత తిరిగిందో చెబుతాయి. పుర్రె కింది చిన్న కండరాల్లో మజిల్ స్పిండిల్స్ (కండరం ఎంత సాగిందో చెప్పేవి) చాలా దట్టంగా ఉంటాయి, వాటి సమాచారం మెదడులో లోపలి చెవి కబుర్లు అందుకునే వెస్టిబ్యులర్ కేంద్రకాల దాకా వెళ్లి చెవి సమాచారంతో కలుస్తుంది. రెండిట్నీ విడదీయాలంటే తలని కదపకుండా మొండెం తిప్పాలి. దీన్నే నెక్ టార్షన్ పద్ధతి అంటున్నాం.

తిరిగే స్టూలు. ఒకరు తలని రెండు అరచేతులతో నిలబెట్టి పట్టుకుంటారు. పేషెంట్ పాదాలతో స్టూలు తిప్పుకుంటూ మొండేన్ని 45 డిగ్రీల దాకా తీసుకెళ్లి మధ్యకి వస్తారు. ఇక్కడ సెన్సర్ల పాత్రలు తారుమారు: ఛాతీ సెన్సర్ కొలత ఇస్తుంది, తల సెన్సర్ కాపలా కాస్తుంది. తల 2 డిగ్రీలు దాటి కదిలితే రద్దు. ఒక్క లేజర్ సెటప్‌తో ఇది ఇబ్బంది, రెండు సెన్సర్లతో సులువు. రెండో సెన్సర్ డబ్బులు వసూలయ్యేది ఇక్కడే. అడ్డంకి ఏంటంటే పాదాలు నేలని తోస్తాయి కాబట్టి కాళ్లు కూడా ఆధారం ఇస్తాయి. స్టూలుని రెండో మనిషి తిప్పి, తిరిగి రావడం మాత్రమే పేషెంట్‌కి వదిలేస్తే కొంత తగ్గుతుంది.

మామూలు పరీక్షలో తప్పు ఎక్కువ, టార్షన్‌లో తక్కువ వస్తే మెడ మీద నింద వేసే ముందు చెవిని చూడండి.

#13 మెడపట్టీ

వేగం ఎంత ఉండాలి? మెట్రోనోమ్ పెట్టాలా?

#14 లోచెవి

వద్దు. చప్పుడు ఎటునుంచి వస్తోందో అదే దిక్సూచి అవుతుంది. “మీకు హాయిగా ఉన్న వేగంలో, నెమ్మదిగా” అనడమే చాలు. రికార్డయిన వేగం రిపోర్ట్‌లో రాయండి, తర్వాతి విజిట్‌లో పోల్చడానికి పనికొస్తుంది.

చప్పుడు ఎత్తాం కాబట్టి మిగతా దొంగదారులు కూడా చెప్పేస్తాను. ఒక పక్క నుంచి కొట్టే ఫ్యాను గాలి, గంతలు దాటే కిటికీ వెలుగు, ఎప్పుడూ ఒకే పక్క నిలబడి మాట్లాడే థెరపిస్ట్, మెడకి తగిలే కాలర్, వీపు మీద జారే జడ, ఊగే చెవి రింగులు. జుట్టు పైకి కట్టించండి, రింగులు తీయించండి. సూచనలన్నీ పేషెంట్ వెనక మధ్యలో నిలబడి ఇవ్వండి. ట్రయల్స్ మధ్య “బాగుంది”, “కాస్త తప్పింది” లాంటి మాటలు అసలు వద్దు. అంటే అది కొలవడం కాదు, నేర్పడం.

#15 సగటుజీవి

అంకెల వైపు నుంచి ఒక మాట. సగటు తప్పు ఒక్కటే రాసి ఊరుకోకండి. ఇద్దరు పేషెంట్లు:

మొదటివారు: +4, +5, +4, +5, +4, +5
రెండోవారు: +4, −5, +5, −4, +4, −5

గుర్తులు వదిలేసి సగటు తీస్తే ఇద్దరికీ 4.5. గుర్తులతో తీస్తే మొదటివారికి +4.5, రెండోవారికి −0.2. చెదురు ఎంత అని చూస్తే మొదటివారికి 0.5, రెండోవారికి 4.5. మొదటివారికి మధ్య ఎక్కడో గట్టిగా తెలుసు, కాకపోతే ఆ మధ్య పక్కకి జరిగింది. లేదా మనం జీరో చేసిన భంగిమే వాళ్ల సహజ భంగిమ కాదు. చాలాసార్లు రెండోదే నిజం. తలని మనం చేత్తో సరిచేసి జీరో నొక్కితే ఇలాగే వస్తుంది, వాళ్లంతట వాళ్లు కుదురుకున్నాకే నొక్కాలి. రెండోవారికి మధ్య ఎక్కడో తెలియడం లేదు. ఇద్దరికీ ఒకే వ్యాయామం రాసేస్తే ఎలా?

లేజర్ టార్గెట్ మీద దూరం మాత్రమే రాసుకునేవాళ్లకి ఈ తేడా కనపడదు. సెన్సర్ మీద ఖర్చుకి నాకు కనిపించే అసలు కారణం ఇది, కచ్చితత్వం కాదు.

ఇంకోటి, “మెరుగుపడింది” అనడానికి ఎంత తగ్గాలి? మీ సొంత పద్ధతిలో, మీ సెన్సర్‌తో, చికిత్స ఏమీ లేకుండా రెండు రోజులు కొలిచి ఐసీసీ (రెండు కొలతలూ ఎంత కలుస్తున్నాయో చెప్పే అంకె) తీయండి. ఉదాహరణకి మనుషుల మధ్య ఎస్‌డీ (చెదురు) 1.3, ఐసీసీ 0.7 అనుకుంటే ఎస్‌ఈఎం (కొలతలోనే ఉండే తప్పు) = 1.3 × √0.3 = 0.71 డిగ్రీ. దాన్ని 2.77తో గుణిస్తే 1.97. అంతకన్నా తక్కువ మార్పు కొలత తడబాటే కావొచ్చు. అంటే 5.0 నుంచి 3.6కి దిగితే సంబరపడటానికి లేదు, 3.0కి దిగితే మాట్లాడుకోవచ్చు. ట్రయల్స్ మూడుతో ఆపేస్తే ఐసీసీ ఇంకా పడిపోతుంది. దిశకి ఆరు కనీసం, నొప్పి లేకపోతే పది.

#16 లేజర్ పాతకాపు

సెన్సర్‌కి ఎప్పటికీ కనపడనిది ఒకటి మిగిలింది. గడ్డం ముందుకి పొడుచుకొచ్చే కదలికలో కింది మెడ వంగుతుంది, పై మెడ వెనక్కి వాలుతుంది, తల కోణం మాత్రం అలాగే ఉండొచ్చు. తల 2 సెం.మీ. ముందుకొచ్చినా ఐఎంయూ సున్నా చూపిస్తుంది. లేజర్ చుక్క కూడా కదలదు, టార్గెట్ వైపే కదా వెళ్లింది. పక్కనుంచి ఒక ఫోన్ స్టాండ్ మీద పెట్టి వీడియో తీసి చెవి రంధ్రం ఎక్కడుందో చూడటమే దారి.

#17 చేతిఫోను

సెన్సర్ లేనివాళ్లకి: వంచడం, వాల్చడం కొలవడానికి నుదుటికి కట్టిన ఫోన్‌లోని ఇంక్లినోమీటర్ (వాలుని కొలిచేది) పేషెంట్ కూర్చుని ఉన్నా పనిచేస్తుంది. తిప్పడం కొలవాలంటే పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెట్టాలి, అప్పుడు తిప్పడాన్ని కూడా భూమ్యాకర్షణ దిక్కుతో పోల్చి కొలవొచ్చు, గైరో అక్కర్లేదు. తలగడ రాపిడి స్పర్శ ఆధారం ఇచ్చేస్తుంది కాబట్టి ఆ అంకెని కూర్చుని తీసిన అంకెతో పోల్చకండి. ఫోన్ బరువుకి బ్యాండ్ జారడం మామూలే.

#18 మెడపట్టీ

అందరికీ ధన్యవాదాలు. ఇకమీదట చేయబోయే క్రమం ఇది, లోపాలుంటే చెప్పండి.

ముందు గాయం, తలతిరుగుడు, మాట తడబాటు, రెండుగా కనిపించడం, రుమటాయిడ్ కీళ్లవాతం లాంటివి అడిగి తేల్చుకుంటాను, అనుమానం ఉంటే పరీక్షే వద్దు. సెన్సర్లు 10 నిమిషాలు వేడెక్కాక 10 సెకన్లు బల్ల మీద ఉంచి బయాస్ తీయిస్తాను. బ్యాండ్ కట్టి తల ఊపించి సరిచూసి, రెండిటికీ ఒకేసారి హెడింగ్ రీసెట్. వీపు ఆనని స్టూలు, పాదాలు నేలమీద, చేతులు ఒళ్లో, కుడిచేతిలో క్లిక్కర్. కళ్లు తెరిచి చుక్క రీడింగ్. రెండుసార్లు అలవాటుకి, తర్వాత గంతలు. కుడి, ఎడమ, వెనక్కి, ముందుకి ఒక్కోటి ఆరేసి. ప్రతి ట్రయల్‌కి కొత్త జీరో, ఛాతీ 2 డిగ్రీలు దాటితే రద్దు. ఏటవాలు కోణం, గుర్తుతో సగటు, చెదురు మూడూ రాస్తాను. చివర మళ్లీ చుక్క.

#19 నిశ్చలం

రెండు సవరణలు. ఆరు కుడులూ వరసగా వద్దు, దిశలు కలిపేయండి. వరసగా చేస్తే ఒకే పక్క కండరం అలసి చివరి ట్రయల్స్ మారిపోతాయి, పైగా పేషెంట్ దూరాన్ని కాకుండా ఎంతసేపు కదిలానన్నది కంఠతా పట్టేస్తారు. ఇరవైనాలుగు ట్రయల్స్‌కి మధ్యలో ఒకసారి గంతలు తీసి 2 నిమిషాలు విశ్రాంతి ఇవ్వండి.

రెండోది, ప్రతి ట్రయల్ ముందు తలని మధ్యకి ఎవరు తెస్తారు? మీరు చేత్తో తెస్తే సగటుజీవి గారు చెప్పిన సమస్య మళ్లీ మొదటికొస్తుంది. గంతలు పైకెత్తి, చుక్కని చూసి వాళ్లనే కుదురుకోమనండి. గంతలు దించాక 3 సెకన్లు ఆగి, అప్పుడు జీరో.

#20 గైరోగోల

గంతలు నుదుటి బ్యాండ్‌ని కప్పకుండా దానికి దిగువన కట్టండి. లేకపోతే గంతలు పైకెత్తిన ప్రతిసారీ సెన్సర్‌ని తోసేస్తాయి.